డెబ్భై కిలోలు

ట్రైలరు ముక్కు కింద పెట్టిన పలక వేలెడు పక్కకి జరిగిందని కాటాబాబాయి మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముక్కంటే మరేం కాదు, ట్రైలరు ముందుకి పొడుచుకొచ్చి పికప్ వెనకున్న కొక్కేనికి తగులుకునే ఇనప చేయి. అది పికప్ నడ్డి మీద ఎంత బరువు మోపుతోందో తెలియాలి. అందుకు అతని దగ్గరున్న సరంజామా అంతా ఇంతే: మనుషులు ఎక్కి తూచుకునే పాత తూకం మెషిను ఒకటి, నాలుగు జానల పలక, రెండు గొట్టం ముక్కలు. పలకని అతను పేర్చే తీరులో పేర్చితే మూడోవంతు బరువే తూకం మీద పడుతుంది. ముల్లు చూపించినదాన్ని మూడుతో హెచ్చవేసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. లారీలు ఎక్కే పెద్ద కాటా యార్డులో ఉండగా ఈ పిల్లల ఆటేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వారు. పెద్ద కాటా పదేసి కిలోలు తప్ప చిల్లర పలకదు.

ముల్లు యాభై అయిదు దగ్గర ఊగి ఊగి ఆగింది. నూట అరవై అయిదు. ఇంత పడవకి అది చాలదు; ట్రైలరు బరువులో పదోవంతైనా ముక్కు మీద పడకపోతే దారిలో తోక ఆడిస్తుంది.

"పడవ జానెడు ముందుకి జరగాలండీ," అన్నాడు లేస్తూ. లేవడానికి ఈమధ్య చక్రం పట్టుకోవాల్సి వస్తోంది.

పడవ తాలూకు ఆసామికి అసలే చిరాగ్గా ఉంది. పికప్ కొని నెల కాలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు. లోపల భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు. వెనక ఐసు పెట్టెలు, గుడారం, ఒక జనరేటరు. ఎనిమిదింటికల్లా చెరువు చేరాలనుకున్నవాడు తొమ్మిదైనా ట్రైలర్లు అద్దెకిచ్చే ఈ యార్డు దాటలేదు. ఈ బండి మూడు టన్నులు లాగుతుందని అమ్మినవాడు చెప్పాడనీ, తన పడవ రెండున్నర టన్నులు కూడా లేదనీ పొద్దుట్నుంచి అయిదుసార్లు చెప్పాడు. అయిదుసార్లూ కాటాబాబాయి తలూపాడు. తలూపడం ఒప్పుకోవడం కాదని ఈ యార్డుకి అలవాటు పడ్డవాళ్లకే తెలుస్తుంది.

డ్రైవరు తలుపు తీస్తే పక్కనే చిన్న రేకు బిగించి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. పికప్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత ఉండొచ్చో ఒక అంకె, వెనక ట్రైలరు ఎంత ఉండొచ్చో ఒక అంకె, రెండూ కలిపి ఎంత దాటకూడదో మరో అంకె. ఆ మూడోది మొదటి రెండూ కూడితే వచ్చేది కాదు, దానికంటే తక్కువ. జనం పప్పులో కాలేసేది అక్కడే. పికప్ నిండా ఎక్కించుకోవచ్చు, లేదా ట్రైలరు నిండా ఎక్కించుకోవచ్చు. రెంటినీ నింపుకుని కొండ దిగుతానంటే బ్రేకులు ఊరుకోవు.

ఇక కాటా ఎక్కించే దగ్గర పెద్ద గొడవే అయింది. తన బరువు నలుగురిలో చెప్పనని అత్తగారు కుండబద్దలు కొట్టారు. కాటాబాబాయి ఆవిణ్ణి దిగమనలేదు. అందరూ కూర్చునే ఉండండి, బండితో పాటే తూస్తాను, ఎవరిది ఎంతో ఆ దేవుడికి కూడా తెలీదు అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. లెక్క తేలింది: పికప్ విడిగా బాగానే ఉంది, పడవ విడిగా బాగానే ఉంది, కలిపితే నూటపది కిలోలు ఎక్కువ. అల్లుడు కాటాబాబాయిని ఓ పక్కకి తీసుకెళ్లి, అత్తగారిని బస్సు ఎక్కిస్తే సరిపోతుందా అని గుసగుసగా అడిగాడు. అంత అవసరం లేదు, జనరేటరూ ఐసు పెట్టెలూ దించితే చాలన్నాడు కాటాబాబాయి, నవ్వకుండా. నవ్వు లోపల్లోపల బాగానే వచ్చింది.

"కొంచెమేగా బాబాయ్, పర్వాలేదు అనకూడదూ?" అన్నాడా అల్లుడు చివరాఖరికి.

ఆ ఒక్క మాటా కాటాబాబాయి నోట రాదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఇటుకలు తీసుకెళ్లే ఒకాయన ఇలాగే అడిగితే, కొంచెమేగా, పర్వాలేదు వెళ్లండి అన్నాడు. కొండ దిగువ మలుపులో ట్రైలరు తోక ఆడించి బండిని తిప్పి పడేసింది. ఆయన బతికాడు. కుడికాలు ఈడుస్తూ ఇప్పటికీ అప్పుడప్పుడూ యార్డు ముందునుంచి వెళుతుంటాడు, కనపడితే చెయ్యెత్తి పలకరిస్తాడు కూడా. తప్పు తనదేనంటాడు. పలకరించకపోయినా బాగుండును అనిపిస్తుంది కాటాబాబాయికి. అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు. ఇప్పుడు యాభై నాలుగు. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరికీ పర్వాలేదు అని చెప్పలేదు. తనకి జ్వరం వచ్చినప్పుడు యార్డు ఓనరమ్మ ఎలా ఉందని అడిగినా, నూటొకటి ఉంది అంటాడు తప్ప పర్వాలేదనడు.

అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది. కార్డు పర్సులో ఉంది, పర్సు తెరిచే పని పెద్దగా పడదు. చిన్నా పెద్దా అందరికీ కాటాబాబాయే. అతను చెప్పిన అంకెని మళ్లీ సరిచూసుకున్నవాడు ఈ చుట్టుపక్కల లేడని ఓనరమ్మ అందరితో గొప్పగా చెబుతుంది. ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా అతను ఏదో పనున్నట్టు పక్కకి వెళ్లిపోతాడు. వినయం అనుకుంటారు. వినయమూ కాదు, పాడూ కాదు. ఒకే ఒక్కసారి, రెండేళ్ల కిందట, ఆ కాటా ముందు నిలబడి అతను పచ్చి అబద్ధం చెప్పాడు. చెప్పింది సొంత అక్కకి.

ఆ అక్కే ఇవాళ పదకొండింటికి మళ్లీ వస్తోంది.

అమ్మ పోయేనాటికి అతనికి పదకొండేళ్లు, అక్కకి పంతొమ్మిది. అక్కకి టార్పాలిన్లు కుట్టడం వచ్చు, ఇంట్లో దుప్పటికి కూడా దిక్కులేదు. ఎక్కడో మూతబడిన గుడారాల దుకాణంలోంచి ఒక పాత కుట్టు మెషిను తెచ్చింది. పోత ఇనుముది, స్టాండుతో కలిపి ఎనభై కిలోలు. మందపాటి గుడ్డ నాలుగు మడతలు పడిన చోట తొక్కితే సూది దిగేది కాదు. అప్పుడు తమ్ముడు చక్రం చేత్తో తిప్పాలి, అక్క గుడ్డని రెండు చేతులా నెట్టాలి. ఆపు అంటే ఆపాలి, తిప్పు అంటే తిప్పాలి. బడినుంచి వచ్చి అలా చక్రం తిప్పుతూనే ఎక్కాలు అప్పజెప్పేవాడు. లారీలకి కప్పే టార్పాలిన్లు, పడవల మీది తొడుగులు, ఈ యార్డులో ట్రైలర్ల మీద వేసే కవర్లు, ఇలా ఊళ్లో వాన పడితే తడవకుండా ఉన్నవాటిలో సగం అక్క చేతి కుట్టే. ఈ ఉద్యోగం కూడా కవర్లు మోసుకొచ్చి ఇవ్వడానికి వచ్చినప్పుడు దొరికిందే.

అతనికి ఒకే ఒక సంబంధం వచ్చింది. పెళ్లివారు ఉద్యోగం ఏమిటని అడిగితే ముక్కు బరువు గురించి గంటసేపు వివరించాడు. వాళ్లు చాలా శ్రద్ధగా విని, కబురు చేస్తామని వెళ్లారు. ఆ కబురు ఇంకా రావాలి అని అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది. అక్క పెళ్లి సంగతి అడిగితే నాకు ఒక పిల్లాడు చాలు అనేది. అనేసి నవ్వేది. ఆ నవ్వు వెనకాల ఏముందో అతను ఎన్నడూ తరచి చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందోనని భయం.

రెండేళ్ల కిందట రేవు ఊరినుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఆడవాళ్లకి తెరచాపలూ గుడారాలూ కుట్టడం నేర్పే బడి ఒకటుంది, పెద్ద టీచరుగా రమ్మని అక్కని పిలిచారు. ఉండటానికి గది, కిటికీలోంచి సముద్రం. అక్క ఆ ఉత్తరాన్ని మడిచి, విప్పి, మడిచి మడత దగ్గర చినిగేదాకా చదివింది. పాత పికప్ ఒకటి సంపాదించి, ట్రైలరులో సామాను సర్దుకుని, తూచి పంపరా అంటూ యార్డుకి వచ్చింది. రెండూ కలిపి నాలుగు వేల అయిదొందలు దాటకూడదు. కాటా నాలుగు వేల నాలుగొందల ఇరవై చూపించింది. కాటా తెరని తన వీపుతో కప్పి, నలభై కిలోలు ఎక్కువక్కా అన్నాడు. నలభై తీసేస్తే సరిపోతుందా అని అడిగింది. సరిపోదు, కొక్కెం కూడా పాతబడింది, ముక్కు కూడా బాలేదు అన్నాడు. మొదటిది నోరు దాటాక రెండోదానికి కష్టమే లేకపోయింది. అక్క ఒక నిమిషం అతని మొహంలోకి చూసి, సరేలే అని బండి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ టీచరు పని మరెవరికో పోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలు అతనికి తిండి సహించలేదు. ఏం తిన్నా చప్పగా ఉండేది. పాపం తగిలి నాలుక చచ్చిపోయిందనే అనుకున్నాడు. భయపడి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన బీపీ చూసి మునుపటికన్నా బాగా తగ్గిందని మెచ్చుకుని పంపాడు.

ఇప్పుడు ఆ టీచరు పని మళ్లీ ఖాళీ అయింది. పద్నాలుగు మంది ఆడవాళ్లు చేరారు, రేపు పొద్దున్న తరగతి మొదలు. ఈసారి కూడా రాలేకపోతే ఆ తరగతే ఎత్తేస్తామని బడివాళ్లు నిక్కచ్చిగా చెప్పారు. అక్కకి అరవై రెండు. మూడో ఉత్తరం రాదు. ఈసారి ఏ అంకె కనిపిస్తే ఆ అంకే చెప్పాలని వారం రోజులుగా కాటాబాబాయి తనకి తానే నూరిపోసుకుంటున్నాడు. పొద్దున్న టిఫిను దగ్గర ఉప్పు సరిపోయిందా అని అక్క రోజూలాగే అడిగింది. సరిపోయిందన్నాడు. అక్క గది అప్పటికే ఖాళీ. మెషిను ఇన్నేళ్లూ నిలబడ్డ చోట నేల మీద నాలుగు గుంటలు మాత్రం మిగిలాయి. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చాడు.

పదకొండుకి పది నిమిషాలుండగానే పికప్ గేటులోకి తిరిగింది. ట్రైలరుతో వెనక్కి రావడంలో అక్కని మించినవాళ్లు ఆ యార్డులో లేరు; యాభయ్యో ఏట తమ్ముడి దగ్గరే నేర్చుకుని తమ్ముణ్ణే మించిపోయింది. రెండు గోడల మధ్యకి ఒక్క ఊపులో వెనక్కి తెచ్చి, తిన్నగా కాటా ముందు ఆపింది. పడవ ఆసామి ఐసు పెట్టెలు దించుతూ దించుతూ ఆగి నోరు తెరుచుకుని చూశాడు.

కాటాబాబాయి ముందు పికప్‌ని తూచాడు. వెనక గుడ్డ చుట్టలు, పైన అక్క బట్టల పెట్టె. రెండు వేల అయిదొందల నలభై. బాగానే ఉంది. తర్వాత ట్రైలరు: రెండు కొత్త మోటారు మెషిన్లు, మంచం, వంట సామాను, ముందు భాగాన తాళ్లతో కట్టేసిన పాత మెషిను. రెండు వేల ముప్ఫై. అదీ బాగానే ఉంది. కూడిక నోటితోనే చేశాడు. నమ్మబుద్ధి కాక రెండూ కలిపి కాటా ఎక్కించాడు.

నాలుగు వేల అయిదొందల డెబ్భై.

ముందు కలిగింది సంతోషమే. దాచుకోవడం ఎందుకు, సిగ్గూ లజ్జా లేని సంతోషం. ఈసారి అబద్ధం అక్కర్లేదు. ఉన్న అంకె ఉన్నట్టు చెబితే అక్క ఉండిపోతుంది, తన చేతికి మసి అంటదు. రేపు పొద్దున్న కూడా ఎవరో ఒకరు ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఇటుకలాయన కాలు గుర్తొచ్చింది. అచ్చయిన చీటీని చింపి పట్టుకుని పికప్ కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"డెబ్భై ఎక్కువక్కా."

అక్క స్టీరింగు మీద చేతులు తియ్యకుండానే అతని వైపు తిరిగింది.

"ఈసారి నిజమేనా?"

కాటాబాబాయికి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక చీటీ పట్టుకున్న చెయ్యి దానంతటదే కిటికీలోకి వెళ్లింది. అక్క కళ్లజోడు పెట్టుకుని చీటీ చదివింది, మడిచి జాకెట్టు జేబులో పెట్టుకుంది.

"తెలుసా నీకు?" అన్నాడు.

"ఆ మర్నాడే కూరగాయల మార్కెట్టు కాటా ఎక్కించాను. ఎనభై తక్కువే ఉంది."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగి ఏం చెయ్యను? పుట్టి బుద్ధెరిగాక నువ్వు అబద్ధమాడటం అదే మొదలు. నిజం చెప్పలేనంత కష్టంగా ఉంది కాబోలు వీడికి, ఉండిపోదాంలే అనుకున్నా."

అతను తల దించుకున్నాడు. పికప్ తలుపు మీద మట్టి చారల్ని బొటనవేలితో తుడుస్తూ నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగినట్టు అక్కకి తెలిసిపోయిందని కూడా తెలిసింది.

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? నాలుగు నెలలు నీ కూరలో ఉప్పు వెయ్యకుండా పెట్టాను. నువ్వు కనిపెడితేగా."

తలుపు తుడుస్తున్న కాటాబాబాయి వేలు ఆగిపోయింది. నాలుక, పాపం, డాక్టరు, బీపీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి నవ్వు తన్నుకొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. అక్క నవ్వలేదు. ఇంజను ఆపింది.

"చెప్పరా. ఉండమంటే ఉంటాను. ఈసారి నువ్వు నోరు తెరిచి అడుగు, అంకెలతో కాదు."

అడగాలనే ఉంది. ఒక్క మాట, అంతే. ఓనరమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తోంది, పడవ ఆసామి అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూస్తున్నారు. కాటాబాబాయి ట్రైలరు వెనక్కి నడిచాడు. తలుపు తీసి, ఎప్పుడూ ఎవరి సామానైనా చూసినట్టే ఈ సామాను వంక చూశాడు. పికప్‌లోని గుడ్డ చుట్టలు తీస్తే పద్నాలుగు మంది ఉత్త చేతులతో కూర్చోవాలి. మోటారు మెషిన్లు తీస్తే బడే లేదు. మంచం పాతిక కిలోలు, వంట సామాను పదిహేను. రెండూ తీసినా చాలదు, తీస్తే ఈ వయసులో నేల మీద పడుకుంటుంది. మిగిలినవాటిలో డెబ్భై దాటిన వస్తువు ఒక్కటే ఉంది, అది తాళ్లతో కట్టేసి నల్లగా మెరుస్తోంది.

వెనక్కి వచ్చాడు.

"పాత మెషిను దించేద్దాం."

అక్క దిగి, ట్రైలరు దాకా వెళ్లి, మెషిను చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. దాన్ని తీసుకెళ్లడానికే ఈ ట్రైలరు కొన్నది. ఇంటికి చేర్చేవాళ్లెవరు, ఒంటరిగా ఆ గదిలో పెడితే తుప్పు పట్టిపోతుంది అంది. ఇంటికెందుకు, నా షెడ్డులో పెట్టండి, ఇకనుంచి మా కవర్లు ఎవరు కుడతారు అంది ఓనరమ్మ గుమ్మంలోంచి. నేను అన్నాడు కాటాబాబాయి. నీకు కుట్టడం ఎక్కడొచ్చు అంది అక్క. ఎనిమిదేళ్లు చక్రం తిప్పింది ఎవరట అన్నాడు. తిప్పడం వేరు కుట్టడం వేరు అంది గానీ, గొంతులో చిరాకు లేదు.

దించడానికి నలుగురు పట్టారు: కాటాబాబాయి, అక్క, ఓనరమ్మ, పడవ ఆసామి. ఇంత బరువు ఏమిటండీ బాబూ అని పడవ ఆసామి ఆయాసపడ్డాడు. షెడ్డులో కిటికీ పక్కన, వెలుతురు ఎడమవైపు నుంచి పడేట్టు పెట్టించింది అక్క. నాలుగు కాళ్లూ కదలకుండా కింద అట్టముక్కలు మడిచి పెట్టింది.

ముందున్న బరువు పోయేసరికి ట్రైలరు ముక్కు తేలికైపోయింది. ఒక మోటారు మెషినుని ముందుకి జరిపి, గట్టిగా కట్టి, కాటాబాబాయి మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పలక, గొట్టాలు, తూకం. ముల్లు అరవై అయిదు దగ్గర ఆగింది. నూట తొంభై అయిదు. ఇంతకంటే బాగా ఎవరికీ కుదరదు. పెద్ద కాటా నాలుగు వేల నాలుగొందల తొంభై చూపించింది. తెర ముందునుంచి పక్కకి జరిగి అక్కని చూడమన్నాడు. అక్క చూసింది.

"పది మిగిలాయిగా," అంది. "ఇంకేమైనా పెట్టుకోనా?"

మామూలుగా అయితే ఒప్పుకునేవాడు కాదు. ఇవాళ తూకం మెషినునీ పలకనీ గొట్టం ముక్కల్నీ ఒక గోనెగుడ్డలో చుట్టి ట్రైలరులో పెట్టాడు. అన్నీ కలిపి ఆరు కిలోలు. అక్కడ గుడారాలు వేసుకెళ్లే ఆడవాళ్లకి ట్రైలర్లు ఉంటాయి, తూచేవాళ్లు ఉండరు, నువ్వు నేర్పు అన్నాడు. మరి నీకో అంది అక్క. కొత్తది తెచ్చుకుంటాను, పలక మీద కొలత గీతలు గీసుకోవడానికి రెండు రోజులు పడుతుంది అన్నాడు. కచ్చితంగా ఎంత పడుతుందో అంతే చెప్పాడు.

పన్నెండున్నర అయింది. చీకటి పడకముందే కొండ దిగాలంటే ఇక ఆలస్యం చెయ్యకూడదు. అయినా అక్క షెడ్డులోకి వెళ్లింది. మూలన పడున్న చిరిగిన ట్రైలరు కవరు ఒకటి దులిపి, మెషిను మీద పరిచింది. దారం ఎక్కించింది. తమ్ముడా అని పిలిచింది. అతను వచ్చి చక్రం మీద చెయ్యేశాడు. తిప్పు అంటే తిప్పాడు, ఆపు అంటే ఆపాడు. చినుగు వెంబడి ఒక మూర కుట్టు పడింది, ఒక్క పోగు కూడా వంకర పోలేదు. సగానికి వచ్చేసరికి అక్క చేతులు తీసేసింది.

"ఇక్కడిదాకా నేను. మిగతాది నువ్వు కుట్టు. వంకర పోతే విప్పి మళ్లీ కుట్టు."

పికప్ ఎక్కాక అద్దం సరిచేసుకుంటూ అడిగింది, ఒక్కడివే ఉండగలవా అని. ఆ ప్రశ్నకి ఎవరైనా చెప్పే మాట ఒకటుంది. అతని నోట అది రాదు.

"కష్టమే," అన్నాడు. "మొయ్యగలను. నెలకోసారి ఆదివారం వస్తాను."

"ఖాళీ చేతులతో రా. బరువులు మొయ్యకు," అంది అక్క. చెయ్యి బయటికి పెట్టి అతని చెంప మీద ఒక్కటి తట్టింది, చిన్నప్పుడు ఎక్కం తప్పు చెప్పినప్పుడు తట్టినట్టే. బండి కదిలింది.

కాటాబాబాయి గేటు దాకా నడిచాడు. అందరి బండ్లూ వెళ్లేటప్పుడు చూసినట్టే ఈ బండి వెనక టైర్లని చూశాడు. ఎక్కువ కుంగలేదు. ట్రైలరు తోక ఆడించలేదు. మలుపు దగ్గర ఎర్ర లైటు ఒకసారి వెలిగింది, తర్వాత రోడ్డు మీద ఏమీ లేదు. అమ్మయ్య అనుకున్నాడు. గుండె కలుక్కుమంటూనే ఉంది. అయినా రెండేళ్ల నుంచీ లేని తేలిక ఒకటి ఒంట్లోకి వచ్చింది. పడవ ఆసామి కూడా బయల్దేరాడు, అత్తగారు కిటికీలోంచి చెయ్యూపారు. ఓనరమ్మ భోంచేశావా అని అడిగింది. ఇంకా లేదన్నాడు. ఉప్పు తనే వేసుకోవాలి ఇవాళ్టి నుంచి, అదీ తూచే వేసుకుంటాడు.

చేతులు కడుక్కోవడానికి షెడ్డులోకి వచ్చాడు. కిటికీలోంచి ఎండ ఎడమవైపు నుంచి మెషిను మీద పడుతోంది. చక్రం మీద రెండు చేతుల మసి వేళ్ల ముద్రలు, కింద సగం కుట్టిన కవరు, అందులో ఇంకా దిగి ఉన్న సూది, సూదిలో అక్క ఎక్కించి వదిలిన దారం.